సాక్షి సంతకం

మంగళవారం, రాత్రి ఎనిమిది కావస్తుండగా
పక్కింటి డెలిత్ వచ్చింది,
చేతిలో బ్యాంకు కవరు, చెవి సందున పెన్ను.
"బంధువులు పనికిరారట. నువ్వు నాకేమీ కావుగా?"
ఇరవై ఆరేళ్లుగా ఒకే గోడకి అటూ ఇటూ దగ్గుతున్నాం మేము.
ఏమీ కాననే అన్నాను.

లానెల్లిలో ఆ వారమంతా వానే.
ఫిబ్రవరి గాలికి వాళ్ల కప్పు పలకలు లేచిపోయాయి.
పాత అప్పు మీద ఇంకాస్త పెద్ద అప్పు కప్పితే తప్ప
ఇంటికి కప్పు లేదు.
ఇల్లు గెథిన్ పేరు మీద.
పెళ్లికి రెండేళ్ల ముందు కొన్నాడు,
రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్లు వదిలేసి తెచ్చుకున్న డబ్బుతో.
డెలిత్ వస్తూ ఒక కుట్టుమిషను, ఒక కోపిష్టి పిల్లి తెచ్చింది.
పిల్లి పోయింది.
మిషను ఇప్పటికీ అర్ధరాత్రి నా తలగడ లోంచి నడుస్తుంది,
నేను గోడ తట్టేదాకా.

ఫారం నా టేబుల్ మీద పరిచింది.
అందులో ఆమె ఇల్లాలు కాదు.
పదిహేడేళ్లు దాటి, ఇంట్లో ఉంటున్న వ్యక్తి.
రేపు బ్యాంకు వచ్చి ఇల్లు అడిగితే
గడపకి అడ్డు నిలబడనని
ఇవాళే ఇచ్చే మాట.

"లాయరమ్మ వాణ్ణి బయట కూర్చోమంది" అంది డెలిత్.
"తలుపేసి అడిగింది, నిన్నెవరైనా బలవంతపెడుతున్నారా అని.
నవ్వొచ్చింది.
ఇన్నేళ్లలో తలుపేసి నన్నొక ప్రశ్న అడిగిన మనిషి లేదు.
వాడు, పాపం, బయట టోపీ నలుపుకుంటూ,
పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినవాడిలా."

నీ పేరు కూడా కలపమనకపోయావా అన్నాను.
అడిగిందట.
సరే అన్నాడట, వెంటనే.
అదే ఆమెని భయపెట్టింది.
పేరు కలిస్తే అప్పూ కలుస్తుందంది లాయరమ్మ.
మూడు రాత్రులు ఆలోచించింది,
బకెట్లో పడే చుక్కలు లెక్కపెడుతూ.
"ఏది నయమో తేల్లేదు.
నాది కాని ఇంట్లోంచి పోవడమా,
నాదైన ఇల్లు పోగొట్టుకోవడమా."

కెటిల్ ఈల వేసింది. నేను లేవలేదు.

కాజా కుట్టినంత నెమ్మదిగా సంతకం పెట్టింది.
చివర్లో ఒక్క క్షణం ఆగింది పెన్ను.
ఇంటిపేరు పెళ్లినాడే వచ్చింది ఆమెకి,
ఎవరూ ఏ ఫారమూ అడగలేదు.

తర్వాత నా వంతు.
సాక్షి పేరు. చిరునామా. వృత్తి.
ఎప్పుడో రిటైరయ్యాను, ఏం రాయను?
"బస్సు డ్రైవరని రాయి" అంది.
"అడిగారు కదా నిన్ను."

రాశాను.

గుమ్మంలో వెనక్కి తిరిగి
మీ వైపు కూడా కారుతోందేమో చూసుకో అని వెళ్లింది.
కుర్చీ ఎక్కి చూశాను. పొడిగానే ఉంది.
కాసేపటికి గోడ అవతల మిషను మొదలైంది.
ఒంటిగంట దాటింది, రెండు దాటింది.
గోడ తట్టలేదు నేను.