గులాబీ దిబ్బ, బొంకుల దిబ్బ

ఉల్లివీధిలో స్టీలు పాత్రల కొట్టు పైన
ఇరుకు మెట్లెక్కితే మా ఆఫీసు.
రాత్రి తొమ్మిదికి కంప్యూటరు తెరుస్తాను,
బుడాపెస్ట్‌లో ఎండ కాస్తూ ఉంటుంది.
ఎప్పుడు తెరిచినా అక్కడ పగలే.

ఎవరిదో కారు, నెత్తిన కెమెరా పెట్టుకుని
ఆ ఊరి వీధి వీధీ తిరిగింది.
దారిలో దొరికిన ప్రతి ముఖాన్నీ
పొగమంచు చెయ్యడం నా పని.
ముఖానికి ఇరవై పైసలు,
బండి నంబరుకి పది.

మొదట్లో పేటల పేర్లకి నోరు తిరగలేదు.
ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
రోజాడోంబ్ అంటే గులాబీ దిబ్బ.
కలిగినవాళ్ల ఇళ్లు, ఎత్తు గోడలు,
ముఖాలు తక్కువ, కుక్కలు ఎక్కువ,
నాకు గిట్టుబాటు కాదు.
కోట పక్కన మాకూ ఉందొక దిబ్బ, బొంకుల దిబ్బ.
అక్కడ ఎవరు ఎవరితో ఏం బొంకారో
అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు.

విజ్‌వారోష్ అంటే నీళ్ల ఊరట,
వాళ్ల భాషలో విజ్ అంటే నీళ్లు.
అది తెలిసిన రాత్రి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
పేరు మొదట్లోనే ఇన్ని నీళ్లున్న మా ఇజీనగరంలో
కుళాయి రోజు విడిచి రోజు.

యోజెఫ్‌వారోష్‌లో
మూడో అంతస్తు కిటికీలోంచి
దుప్పటి దులిపే ఆవిడ ఒకామె.
ఐదేళ్ల కిందటి ఫొటోలో ఉంది,
కిందటేటి దాంట్లోనూ ఉంది.
దుప్పటి మారింది, కిటికీ రంగు మారింది,
మోచేతుల దగ్గర ఆ విదిలింపు మారలేదు.
రెండుసార్లూ నేనే చెరిపాను.
నలభై పైసలు.

యంత్రానికి తెలివి తక్కువ.
గుర్రం మీద రాజునీ, గుమ్మం మీద సింహాన్నీ,
కాగితం పట్టుకుని ఆలోచిస్తున్న రాతి కవినీ
బతికున్నవాళ్లే అనుకుని చెరిపేస్తుంది.
వాటిని వెతికి వెతికి మళ్లీ తేటపరచాలి.
మా సూపర్‌వైజర్ రౌతు ప్రభావతి గారు
గోడకంటించిన రూళ్లలో ఏడోది:
రాతి ముఖానికి ముసుగు అక్కర్లేదు.

అమ్మకి ఎంత చెప్పినా ఎక్కదు.
“ఏటే గుంటా, రేతిరంతా మేలుకోని
ఎవల మొకాలో తుడిసీడానికేటే జీతం?
సబ్బైనా ఇస్తారేటే?”

నాన్న సంగతి వేరు.
ఒకరోజు క్యారేజీ తెచ్చి
నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
తెర మీద చెపెల్,
నది మధ్యలో ఇనుప ఫ్యాక్టరీల లంక.
గేటుకి గొలుసు, గొలుసుకి తుప్పు,
పక్క గోడకి కాలు ఆన్చి ఒక ముసలాయన.
“ఈ గేటు నాకు తెలుసు” అన్నాడు,
జూట్ మిల్లు తప్ప మరో గడప తొక్కని మనిషి,
లూమ్ సెక్షన్ తాడ్డి ఎర్రినాయుడు.
కాసేపు ఊరుకుని,
“ఆడికెన్ని నెల్ల జీతం బాకీ ఉండిపోనాదో” అన్నాడు.
ముఖం చూసి చెబుదామంటే
నేనప్పటికే చెరిపేశాను.

ఇంత ఊరు తిరిగినదాన్ని,
మొన్న మూడు లాంతర్ల దగ్గర ఎవరో ఆపి
కుమ్మరివీధి ఎటని అడిగితే
చెయ్యెత్తలేకపోయాను.
రోడ్డు మీద బాణం గుర్తు ఎక్కడుందా అని
నేల చూశాను.

ఈ ఎండాకాలం ఆ కారు మా ఊరొచ్చింది.
గంటస్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి
మిల్లు రోడ్డు పట్టిందట.
గేటు ఎదర టీ బడ్డీ దగ్గర
నాన్న ఉంటాడు.
గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఉంటాడు.

మా ఊరి ఫొటోలు మాకివ్వరు.
అదీ రూలే.
ఏ దేశంలోనో, ఏ కొట్టు మీదనో
నాలాంటిదే ఒక గుంట
మా ఎండని తన రాత్రిలో తెరుస్తుంది.

పేరు తెలీని పిల్లా,
గంటస్తంభం కింద అందర్నీ చెరిపెయ్యి,
మా అమ్మ కనిపిస్తే తప్పకుండా చెరుపు,
జుట్టు దువ్వుకోకుండా బజారుకొస్తుంది.
మిల్లు గేటు దగ్గర మాత్రం కాస్త ఆగు.
గోడకి కాలు ఆన్చిన మనిషిని
యంత్రం మనిషనే అనుకుంటుంది.
నువ్వు దగ్గరికి జరిపి చూడు.
పదకొండేళ్లుగా కదల్లేదు.
మీ గోడ మీదా ఏడో రూలు ఉండే ఉంటుంది.

ఇరవై పైసలు నష్టమే నీకు,
నా లెక్కలోంచి తీసుకో.