దోర్నాల దాటాక

ప్రకాశం జిల్లా పటంలో పడమటి కొసన
గీతలన్నీ ఆగిపోయి ఉత్త ఆకుపచ్చ.
మా పార్టీ అక్కడ దిగేది.

యుద్ధమని పేపర్లు రాశాయి.
మాకు తెలిసింది దురదగొండి, వైర్‌లెస్ గరగర,
మూడో రోజుకి పాచిపోయిన పులిహోర.
వాళ్లవీ మావీ ఒకే రంగు బట్టలు.
పగలు మేం తాగిన కుంటలోనే రాత్రి వాళ్లు.

గూడెంలో అర్తి బయన్న
అడుగుజాడ చూసి మనిషిని చెప్పేవాడు:
“ఈయనకి జొరం. ఈయమ్మ బియ్యం మోస్తంది.”
ఎటు పోయారంటే మాత్రం
మోదుగాకు దొప్పలో తేనె పెట్టేవాడు.
ముందు రాత్రి వాళ్లకీ పెట్టుంటాడు.
ఎస్సై చెయ్యెత్తాడు. తేనె ఒలికింది.
చీమలొచ్చేదాకా ఎవరం కదల్లేదు.

ఆ ఆషాఢంలో, ఇప్పచెట్టు మొదట్లో
బోర్లాపడ్డ కుర్రాణ్ణి తిప్పింది నేనే.
జేబులో పలక ముక్క. మార్కాపురందే,
మా నాన్న బతుకంతా దగ్గుతూ కోసిన రాయి.
దానిమీద ‘ఖ’ మూడుసార్లు దిద్ది ఉంది,
మూడూ తప్పే.

పంచనామాలో అది రాయలేదు.

తిరిగొస్తుంటే బయన్న
నా వెనకే నేల చూసుకుంటా వచ్చి,
“పోయేటప్పుడు ఇంత లోతు లేదు సామీ నీ అడుగు.
ఏంది మోస్తన్నావ్?”