నుక్తా

నాంపల్లి రికార్డు రూములో
నాది పేజీకి ముప్పై పైసల కొలువు.
రోజుకు పన్నెండు వందల పేజీలు తీస్తే
బోరబండ బస్సుకూ తమ్ముని ఫీజుకూ పోను
ఇంత మిగులుతది.

మిషిన్ కొత్తది.
కింద నల్లటి పీట, పైన రెండు కెమెరా కండ్లు.
ఉర్దూ కాగితం చూపిస్తే చాలు
పేర్లన్నీ ఏరి వరుసలో పోస్తది,
చాటలో మెరిగెలు ఏరినట్టు.

బస్తాలు విప్పేది గౌసుద్దీన్ సాబ్.
అటెండరు. ఇంకో నాలుగు నెలల సర్వీసు.
ఎర్రగుడ్డ ముడి మీద చెయ్యి పెట్టి
ఇది కొండాపూర్, ఇది చాంద్రాయణగుట్ట అని
విప్పకముందే చెప్పేటోడు.
అసుంటి మనిషి మిషిన్ మీద అలుగుతడనుకున్న.
అలగలే.
పొద్దున నాకంటే ముందొచ్చి
తన దస్తీతోనే కెమెరా కండ్లు తుడుస్తడు.
"ముప్పై ఆరేండ్ల సంది దుమ్ము మింగిన బేటీ,
ఇగ దీన్ని మింగనీ" అంటడు.

విసుగంతా నాదే.
చెవుల ఇయర్‌ఫోన్లు, చేతుల పేజీలు.
ఒక్క అక్షరం రాదు నాకు అండ్ల.
నా లెక్కన అవి చీమల బార్లు,
ఎటు నుంచి ఎటు పోతున్నయో కూడా తెల్వదు.

ఒక సోమవారం కిటికీ కాడికి
బార్కస్ నుంచి ఒక పిలగాడొచ్చిండు, మూడోసారి.
దాదీ రహ్మత్ బీ పేరు మీద
రెండెకరాల పది గుంటలు.
నేనూ కొట్టి చూసిన. లేదు.
"రికార్డు లభ్యం కాలేదు" అని
కంప్యూటరు మర్యాదగానే చెప్పింది,
చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అనడిగింది.

సాబ్ లోపలికి పోయి బస్తా తెచ్చిండు.
పేజీ తీసిండు. వేలు పెట్టిండు.
"రహ్మత్. ఇగో."

అదే పేజీ తెర మీద పెద్దగ చేసి చూస్తే
మొదటి అక్షరం నెత్తిన చుక్క.
కాగితం మీద చుక్క లేదు,
చిల్లున్నది.
ఎన్నడో ఒక వెండిపురుగు
ఒక పూట బువ్వ తిని పోయిన జాగ.
చిల్లులోంచి కింది పీట నలుపు కనబడ్డది,
ఆ నలుపును సిరా అనుకున్నది మిషిన్.

"రే మీద నుక్తా పడితే జే.
రహ్మత్ పోయి జహ్మత్ అయింది.
ముసలమ్మను దయా అని పిలిస్తే పలుకుతది గానీ
తక్లీఫ్ అని పిలిస్తే ఎట్ల పలుకుతది?"

పిలగాడు నవ్వలే.
వానికి మూడు రోజుల కూలి పోయింది.

సాబ్ జేబుల నుంచి మందుల చీటీ తీసిండు,
రాయని దిక్కు పైకి తిప్పి
పేజీ కింద దూర్చిండు.
"ఇప్పుడు తియ్యి."
తీసిన.
చిల్లు తెల్లబోయింది.
రహ్మత్ బీ పలికింది.

ఆనాటి సంది ప్రతి చిల్లుకూ వెనక తెల్లకాగితం.
పన్నెండు వందలు తొమ్మిది వందలకు పడ్డయి.
రోజుకు తొంభై రూపాయలు.
తొంభై అంటే మా ఇంట్ల పాలు, కూర,
అమ్మ షుగరు గోలీ.
రెండు రోజులు సాబ్‌తోని మాట్లాడలే.
మూడోనాడు చిల్లు కనబడ్డా
కనబడనట్టే ఒక పేజీ తిప్పేసిన.
బస్సు ఎర్రగడ్డ దాటుతుంటే
ఆ పేజీ నంబరు యాదికొచ్చింది. నాలుగు వేల నాలుగొందల పదిహేడు.
పొద్దున పోయి మళ్లీ తీసిన.
దానికి ముప్పై పైసలు రెండోసారి రావు.

వేగం ఎందుకు తగ్గిందని మేనేజరు అడిగితే
ఉన్నదున్నట్టు రాసి పంపిన.
జవాబు లేదు.
నెలకు సర్క్యులర్ దిగింది, అన్ని జిల్లాలకు.
ఆరో అంశం: పురుగు తిన్న పుటల అడుగున
తెల్లని షీటు విధిగా ఉంచవలెను.
పేజీ రేటు సంగతి లేదు.
ఎవరి పేరూ లేదు.

ప్రింటు తీసి సాబ్‌కు చదివి వినిపించిన.
ఆయన దాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టి
ఇటు తిప్పి, అటు తిప్పి చూసిండు.
"ఇంకా పురుగు పట్టలే" అన్నడు.
ఎర్రగుడ్డల పెట్టి
ముడేసిండు.