కాలువలో ట్యూబు

ఆదివారం, ఐదుంబావు.
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద కుక్కలింకా లేవలేదు.
వారమంతా ముందు బండి ఎర్రదీపాన్నే చదివిన కళ్ళు
ఖాళీ రోడ్డుని నమ్మడానికి చాలాసేపు తీసుకున్నాయి.

దేవనహళ్ళి దాటి ఎడమకి తిరిగాక
హారన్ లేదు.
నా చెవిలోనే ఏదో లోపమనుకున్నాను.
తర్వాత ఒక్కొక్కటే వినబడ్డాయి,
తొక్కడం ఆపితే వెనక చక్రం టిక్కుటిక్కులు,
పిట్టలు వాలకుండా కట్టిన వలలో గాలి,
నలభై ఆరేళ్ళ నా మోకాలు.

ద్రాక్షతోటలంటే కొండవాలు మీద
దువ్వినట్టుండే వరసలనుకునేదాన్ని, క్యాలెండర్లో చూసి.
ఇక్కడివి పందిళ్ళు.
రాతి కూసాలు, వాటి మీద ఇనప తీగ,
దాని మీద బతికున్న తీగ.
పెళ్ళయ్యాక విప్పడం మరిచిపోయినట్టు మైళ్ళ కొద్దీ పందిళ్ళు.
ఆకుల మీద మైలుతుత్తం మరకలు.

రోడ్డు పక్కనే కాలువ,
ఒక చెరువు నిండి ఇంకో చెరువుకి పోతోంది.
కాసేపు సమంగా వెళ్ళాం.
ఎత్తు వచ్చినచోట నేను దిగి నడిచాను,
అది చుట్టూ తిరిగి నాకంటే ముందు చేరింది.

అక్కడ తుమ్మముల్లు.
ఉస్సుమని కూడా అనలేదు ముందు చక్రం,
ఆడిట్‌లో దొరికిపోయిన మేనేజరు గొంతులా
మెల్లగా మెత్తబడింది.
ట్యూబు ఊడదీసి గాలి కొట్టి
చెంపకి ఆనించి వెతికాను, పసిపిల్ల జ్వరం చూసినట్టు.
చిల్లు దొరకలేదు.

"నీళ్ళలో ముంచండమ్మా."

పందిరి కిందనుంచి ఒంగి వచ్చాడు పిళ్ళప్ప.
బయటికొచ్చాక కూడా పూర్తిగా నిలబడలేదు,
ఆయన వీపు పందిరి ఎత్తుకే ఆగిపోయింది.
మణికట్టు దాకా నీలం.
కన్నడంలో వెతుక్కుంటున్న వాక్యాన్ని సగంలో వదిలేశాను.
"తెలుగువాళ్ళా?" అంటే
"మా తాతల కాడినుంచీ ఇదే మాట మాకు" అన్నాడు,
నేనేదో తప్పు పట్టుకున్నట్టు.

ట్యూబుని కాలువలో ముంచి చుట్టూ తిప్పాడు.
"ఇదో, ఈడ ఊపిరి."
సన్నటి బుడగల వరస.

బంక ఆరాలి. గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.
"ఈ నీళ్ళు యాడివో తెల్సునా?
మీ ఊరివే. మీరు వాడి వదిలేసినవి,
కడిగి పంపిస్తా ఉండారు.
మేం తాగం. నేల తాగుతుంది.
బోర్లలో నీళ్ళు పైకొచ్చినాయి.
మంచిదో చెడ్డదో... చూడాల ఇంకా."

చెయ్యి తీసెయ్యబోయాను కాలువలోంచి.
తియ్యలేదు.
సోమవారం బియ్యం కడిగిన నీళ్ళు,
మార్చి ముప్పై ఒకటి రాత్రి లెక్కలన్నీ సరిపోయాక
షవర్ కింద నించుని నేనెందుకో ఏడ్చిన నీళ్ళు,
సైకిలు లేకుండానే ఇంత దూరం వచ్చేశాయి.

"కారుండగా దీన్నెందుకమ్మా తొక్కేది?"
మా ఆయనా అడుగుతాడిది, వేరే గొంతుతో.
ఇద్దరికీ చెప్పలేదు.

డబ్బివ్వబోతే నా హెల్మెట్ తీసుకుని
అందులో గుత్తి పెట్టిచ్చాడు.
బెంగళూరు నీలం. మందపు తోలు,
నొక్కితే గుజ్జు నోట్లోకి దూకి
గింజలు నాలుక మీద మిగుల్తాయి.
గింజలున్నాయని ఇన్నేళ్ళూ కొనలేదు నేను.
నెత్తి మీదుండాల్సింది హ్యాండిల్‌కి వేలాడదీసుకుని
చట్టం తప్పి ఇంటికొచ్చాను.

సబ్బుతో రుద్దినా
ఆయన చేతినుంచి నా వేళ్ళకంటిన నీలం సగమే పోయింది.
మిగతా సగం సింకు తూములో గిరగిరా తిరిగి దిగిపోతుంటే
లెక్క వేశాను, వృత్తి అలవాటు,
ఇక్కణ్ణించి ఆయన చెరువుకి ఎన్ని రోజులని.
దూరం తెలుసు. వేగం తెలీదు.
వచ్చే ఆదివారం పిళ్ళప్పనే అడగాలి.
జేబులో దాచిన గింజలు మొలుస్తాయో లేదో కూడా.