ఆటోడీజే

పానెల్ తెరవగానే కనిపించేది ఒక అంకె.
శ్రోతలు: 4.
అందులో ఒకటి నా ఫోనే,
సరిగ్గా వినిపిస్తోందో లేదో చూసుకోడానికి.
రెండోది ఎతిరాజులు మామ.
లోకో వర్క్స్‌లో ముప్పై ఏళ్ళు సుత్తెల మోత విని
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చినవాడు.
కుడి చెవి నాకిచ్చాడు.
మిగతా ఇద్దరూ ఎవరో తెలియదు.
తెలుసుకోను కూడా.
ఇద్దరైనా తెలియనివాళ్ళు లేకపోతే
అది రేడియో ఎలా అవుతుంది?

నెలకు నాలుగువందల యాభై కడతాను.
దానికి వాళ్ళిచ్చేది
అరవైనాలుగు కిలోబిట్లు,
ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్,
వందమందికి చోటు.
వందమందికి!
మా ఇంట్లో ఆరుగురు పడుకుంటే
ఏడోవాళ్ళ కాళ్ళు గుమ్మం బయటే.

పులియంతోపులో, రెండో అంతస్తులో,
దుప్పటి ముసుగేసుకుని మాట్లాడతాను,
ఫ్యాను మోత పడకుండా,
పక్కింటి సీరియల్ ఏడుపు పడకుండా.
అరవం కలిసిందని నెల్లూరు చుట్టాలు నవ్వే తెలుగు,
గొల్టీ అని బళ్ళో పిల్లలు నవ్విన తెలుగు,
అదే నా దగ్గరున్నది.
అదే పంపిస్తాను.

నిద్రొస్తే ఆటోడీజేకి అప్పజెప్తాను.
ఏ దేశంలోనో, ఏ చల్లటి గదిలోనో
అది నా పాత మాటల్ని వరసలో పేర్చుకుని
నేను లేకుండానే నేనై మాట్లాడుతుంది.
కార్పొరేషన్ చీపుర్లు వీధిలోకి దిగే వేళకు
నా 'లేచారా అందరూ?' వినిపిస్తుంది.
నేను మాత్రం లేవను.

ఆ మంగళవారం వాన ఆగలేదు.
రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
రౌటర్ కళ్ళు మూసింది.
ఫోనులో పానెల్ చెప్పింది:
సోర్స్ తెగింది. ఆటోడీజే నడుస్తోంది.

కింది ఇళ్ళవాళ్ళంతా మా మెట్ల మీదకొచ్చారు.
వీధిలో మునెమ్మత్త గ్యాస్ సిలిండరు
తేలుతూ పోతోంది.
తప్పిపోయిన మేకను పిలిచినట్టు
ఆవిడ దాన్ని పిలుస్తోంది.
అప్పుడు, చీకట్లో, ఎవరి ఫోనులోంచో
పోయిన మే నెల నాటి నేను:
'ఎండ మండిపోతోంది, బయటికి రాకండి.
నీళ్ళు బాగా తాగండి.'

మెట్లన్నీ ఒక్కసారి నవ్వాయి.
ఒక పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.
నాకు నవ్వు రాలేదు.
శ్రోతలు: 37.
బ్యాటరీ: తొమ్మిది.

ఎర్ర బటన్ మీద వేలు పెట్టాను.
'ఉండనీవే,' అన్నాడు మామ,
'ఏదో ఒకటి మాటాడనీ దాన్ని.'
నొక్కాను.
దుప్పటి లేదు. ముసుగు లేదు.
వానంతా మైకులో పడుతోంది.

'గణేశపురం సబ్‌వే వైపు ఎవరూ రావద్దు.
కుప్పమ్మ మనవడు మా మెట్ల మీదున్నాడు,
బిస్కత్తు తింటున్నాడు, భయం లేదు.
ఆ నల్ల కుక్క కూడా ఇక్కడే ఉంది.
ఎవరి దగ్గరైనా అగ్గిపెట్టె పొడిగా ఉంటే చెప్పండి.
మునెమ్మ సిలిండరు
నాలుగో నంబరు గేటుకి తగిలి ఆగింది...'

ఏడు శాతం. నాలుగు.
చెప్పడానికి ఇంకా పేర్లున్నాయి.
తడి చేతిలోంచి జారి
ఫోను మెట్టుకొక దెబ్బ తింటూ
నీళ్ళలోకి దిగిపోయింది.

శుక్రవారం కరెంటొచ్చింది.
మామ మనవడి ల్యాప్‌టాప్‌లో పానెల్ తెరిచాను.
నేను మాట్లాడింది పదకొండు నిమిషాలు.
నేను మునిగిన ఆరో సెకనుకి
ఆటోడీజే అందుకుంది.
ఎండ మండిపోతోంది, నీళ్ళు బాగా తాగండి.
తెల్లారేదాకా, ఆ వానలో,
ముప్పైమంది దాన్ని వింటూనే ఉన్నారు.
ఎందుకో గ్రాఫు చెప్పదు.
ఆ ఫైలు తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

పైన, మూలకి, పాత అంకే.
శ్రోతలు: 4.
మామ పక్కనే కూర్చుని
కుడి చెవికి ఇయర్‌ఫోన్ సర్దుకుంటున్నాడు.

నా ఫోను ఇంకా బియ్యం డబ్బాలో ఉంది.