లీకు లేదు

ఫిర్యాదు నంబరు నాలుగు వందల పన్నెండు.
మేపుల్ వీధి చివర పచ్చ తలుపుల ఇల్లు.
ఫోన్ చేసింది పక్కింటి హెండ్రికా.
గొంతు పట్టేస్తోంది, కళ్ళు మండుతున్నాయి,
ఆ ఇంట్లో గ్యాస్ లీకవుతోంది, అందట.

ఇరవై రెండేళ్ళుగా నా ముక్కే నా జీతం.
కుళ్ళిన గుడ్డు వాసన వేరు,
బేస్‌మెంట్‌లో చచ్చిన ఎలక వేరు,
భయపడ్డ మనిషి ఊహించుకున్న వాసన వేరు.
వాసన లేని వాసనలకే ఎక్కువసార్లు వెళ్ళాను.

ఒహాయోలో ఫిబ్రవరి.
వదిలిన ఊపిరి వదిలినట్టే గడ్డం మీద పేరుకుంటోంది.
వాకిట్లో స్తంభం మీద, నా రొమ్మెత్తున,
బొమ్మరిల్లంత ఇల్లు.
బంగారు కప్పు, కప్పు మీద జానెడు మంచు.
పిట్టల గూడనుకున్నాను.
పిట్టలకి ఎర్ర సోడా ఎవరు పెడతారు,
మూత తీసి, స్ట్రా కూడా వేసి?

తలుపు తట్టకముందే వినిపించింది
పొక్. పొక్. ఆగి, మళ్ళీ
పొక్.

తలుపు తెరుచుకుంది.
మీటరు ముల్లు సున్నా మీద కదలకుండా కూర్చుంది.
నేను మాత్రం రెండుగా వంగి దగ్గుతున్నాను.
పెనం మీద ఎండుమిరపకాయలు నల్లబడుతున్నాయి.
"కిటికీ తీసుకోవచ్చుగా" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.
"తీశాను. అందుకేగా నువ్వొచ్చావు" అంది
డెబ్బై దాటిన లమ్‌దువన్.

నా పని నేను చేశాను.
పైపు అతుకులకి సబ్బునీళ్ళు రాశాను, బుడగ రాలేదు.
కిందికి దిగితే
పింగ్‌పాంగ్ బల్ల మీద బుద్ధుడు.
నెట్టు తీశారు గానీ బిగించిన క్లిప్పులు అలాగే ఉన్నాయి.
ఆదివారాలు ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు వస్తారట,
రెండు గంటలు కారు నడిపించుకుని ఒక భిక్షువు వస్తాడట.
హీటరు పక్కన వరసగా జాడీలు,
మూతలకి గుడ్డ కట్టి, బరువుకి మోటారు ముక్కలు పెట్టి.

"ఆ ఇనుము వెండెల్‌ది" అంది.
ఉడోన్ వైమానిక స్థావరంలో మెకానిక్‌ట.
పెళ్ళాడి ఇక్కడికి తెచ్చాడు,
ఊరగేసిన చేపని మాత్రం గరాజు దాటి రానివ్వలేదు
పద్దెనిమిదేళ్ళు.
ఆఖర్న ఆసుపత్రిలో
నాలిక మీద ఏదీ నిలవని రోజుల్లో
అదే అడిగాడట. చెంచాడు.

రోట్లో ఉన్నది బొప్పాయి కాదు, నూల్‌కోల్.
అప్పట్లో ఈ చుట్టుపక్కల పచ్చి బొప్పాయి ఎక్కడుంది?
ఇప్పుడు దొరుకుతోంది.
"కానీ నా రోలు దీనికి అలవాటు పడిపోయింది" అంది.

సంతకం పెట్టమని కాగితం చాపాను.
"అన్నం తిన్నావా?"
డ్యూటీలో ఉన్నానన్నాను.
"అడిగింది అది కాదు."
వాళ్ళ ఊళ్ళో పలకరింపే అదట,
కానీ ఆవిడ జవాబు కోసం ఆగింది.

గ్లవ్స్ విప్పించింది.
వెదురుబుట్టలో అన్నం, ముద్ద చేస్తే
వేళ్ళకి అంటకుండా దానికదే అంటుకుంటోంది.
మొదటి ముద్దకి చెవులు వేడెక్కాయి.
రెండోదానికి పులుపు.
మూడోదానికి, పేరు తెలియని ఏదో లోతు,
ఆ జాడీల్లోదే అయ్యుంటుంది, అడగలేదు.
నాలుగో ముద్దకి ఫిర్యాదు నంబరు మర్చిపోయాను.

వెళ్తుంటే చేతిలో ఒక డబ్బా పెట్టింది.
"పక్కింటావిడకి. మిరపకాయ ఒక్కటే వేశాను, చెప్పు."

మంచులో అడ్డంగా నడిచాను.
దారిలో, బుద్ధి లేక, ఆ వేళ్ళతోనే కన్ను నలుపుకున్నాను.
హెండ్రికా గుమ్మం ముందుకి చేరేసరికి
రెండు కళ్ళూ ధారలు.
గొలుసు తీయకుండా, అరచేతి సందులోంచి నన్ను చూసి
ఆవిడ మొహం పాలిపోయింది.
"అంత ప్రమాదమా?"

మాట పెగల్లేదు.
డబ్బా చాపాను.
ఆ సందులోంచి పట్టలేదు.