చల్లారనియ్

శనివారం రాత్రి కనిగిరిలో బస్సు దిగేసరికి
నా సంచిలో మార్చుకున్న చీరా, టిఫిన్ డబ్బా,
ఉప్పునీళ్ల మూతలో తల ముంచుకుని నిద్రపోయే
పీహెచ్ మీటరూ.
వారమంతా సింగరాయకొండ ల్యాబులో
రొయ్యల చెరువులకు ఏడున్నర, ఎనిమిది అని
పేర్లు పెట్టేది అదే.
ఆదివారం మాత్రం మా తమ్ముడిది.

మాలకొండయ్య చీమకుర్తిలో గ్రానైటు కోసే మనిషి.
పలకలో నూలుపోగంత తేడాని వేలితో పట్టేస్తాడు.
బీరు కాచేటప్పుడు మాత్రం వాడికి తొందర.
వరండాలో ఇరవై లీటర్ల గిన్నె, పైన రెండు దుప్పట్లు,
బెంగుళూరు నుంచి పార్సిల్లో వచ్చిన బార్లీ మాల్టు,
అందులో అమ్మ మొలకెత్తించి ఎండేసిన రాగులు కిలో.
అడిగిన వాళ్లకు జావ అని చెబుతాం.
“పిల్లకాయల జావకే అనుకున్నా గదరా” అని అమ్మ
నాలుగు వారాలుగా అంటూనే ఉంది,
తడిగుడ్డలో రాగులు మూటకట్టడం మాత్రం మానలేదు.

మొదట్లో వాడి దగ్గర రంగు కాగితాలుండేవి.
పసుపో నారింజో ట్యూబులైటు కింద ఎవరు చెప్పగలరు?
మాల్టు రంగే కాగితానికెక్కేది.
ఇప్పుడవి మేనకోడలి లెక్కల పుస్తకంలో పేజీ గుర్తులు.

మీటరు చేత ముందు నిజం చెప్పించాలి.
ఏడు బఫరులో ముంచి ఏడు అనిపించాలి,
కడిగి, నాలుగులో ముంచి నాలుగు అనిపించాలి.
తుడవకూడదు, అద్దాలి.
శనగగింజంత గాజు బుడగ అది,
రుద్దితే అలుగుతుంది,
గంటసేపు నోటికొచ్చిన అంకె చెబుతుంది.

నేను అద్దుతుండగానే వాడు లాక్కుని
అరవై ఆరు డిగ్రీల గంజిలో గుచ్చేశాడు.
“ఐదు నలభై మూడు! సరిపోయిందక్కా!”
సరిపోలా.
“వేడికి సరిచేసే చిప్పుంది గదా దీంట్లో?”
ఉండాది. అది తన వేడిని సరిచేసుకుంటది.
వేడికి గంజే మారిపోతే
దాన్నెవరు సరిచేస్తారు?
చల్లారనియ్.

స్టీలు గ్లాసులో నాలుగు గరిటెలు తీసి
బేసిన్లో చన్నీళ్ల మధ్య నిలబెట్టాం.
ఆ పది నిమిషాలే కష్టం.
వాడు గ్లాసు తాకి చూస్తాడు, మళ్లీ తాకి చూస్తాడు.
కరెంటు పోయింది, వచ్చింది.
లోపల నాన్న మంచం మీంచి లేచే చప్పుడు,
ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి,
నడుం సగం దాకా వచ్చి ఆగిపోయే లేవడం.

గిన్నెలో సగం క్యాను నీళ్లు, సగం మా బోరువి.
మొత్తం క్యానువే పోద్దామంటే వాడు ఒప్పుకోడు:
“మన నీళ్లు లేకుండా మనదెట్టా అవుద్ది?”
మన నీళ్లు.
తేటగా ఉన్నాయని నాన్న నలభై ఏళ్లు తాగినవి.
ఫ్లోరైడు సంగతి ఈ మీటరు చెప్పదు,
దానికి వేరే పరీక్ష.
ల్యాబులో చేరిన ఏడే నేర్చుకున్నాను.
అప్పటికి మా ఇంట్లో అందరి పళ్లూ
గోధుమ చారలు గీసుకుని ఫలితం చెప్పేశాయి.

చల్లారింది. ముంచాను.
అంకె ఊగి, ఊగి,
ఐదు డెబ్బై నాలుగు మీద కూర్చుంది.
వాడి మొహం చూడాలి అప్పుడు.
బోరు నీళ్ల సున్నం అది,
ఒక పట్టాన పులుపుకు లొంగదు.

పొదలకూరు నిమ్మకాయలు రెండు పిండి,
చెంచా చెంచాగా పోశాం, కలిపాం,
మళ్లీ గ్లాసు, మళ్లీ బేసిను, మళ్లీ పది నిమిషాలు.
ఈసారి వాడు గ్లాసు ముట్టుకోలా.

నాన్న వచ్చి గడప మీద కూర్చున్నాడు.
“ఎంతొచ్చిందమ్మే?”
“ఐదు ముప్పై తొమ్మిది.”
“అంటే మంచిదేనా?”
“బీరుకు మంచిది నాన్నా.”
కాసేపు గిన్నె వంకే చూసి
“నీళ్లకు ఇన్ని చూడాలన్నమాట” అన్నాడు,
ఎవరినీ అడిగినట్టు కాదు.

నేను గాజు బుడగ కడిగాను, అద్దాను,
ఉప్పునీళ్ల మూత తొడిగాను.
తమ్ముడు దుప్పట్లు కప్పుతున్నాడు, మెల్లగా,
లోపల ఎవరో పడుకున్నట్టు.
రేపు తెల్లారి మొదటి బస్సుకి
దీన్ని మళ్లీ రొయ్యలకు అప్పజెప్పాలి.